ఆరు బళ్ళ ఇసుక

మా ఇల్లు మా ఊరికి ఒక బండి ఇసుక బాకీ. బాకీ పుట్టింది 1964 వేసవిలో. దానికి కాయితం ఉంది. సాక్షులూ ఉండేవాళ్ళు గానీ ఒక్కరు తప్ప అందరూ వెళ్ళిపోయారు. కాలదోషం పట్టిన బాకీ అని ప్లీడర్లంటారు. ఊరు అనదు.

ఊరి పేరు చెప్పను. ముందుముందు మావాళ్ళను నాలుగు మాటలు అనాల్సి వస్తుంది. పెనుమూడి రేవుకు రెండు మైళ్ళ లోపు అనుకోండి చాలు. తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లెలో ఆగిపోతుంది, పట్టాలు అక్కడితో సరి. అక్కణ్ణుంచి తూర్పుగా వెళ్ళి కరకట్ట ఎక్కితే కింద కృష్ణ, ఒడ్డున పెనుమూడి. అవతలి ఒడ్డు పులిగడ్డ. కృష్ణ అక్కడికొచ్చి రెండు పాయలై దివిసీమను మధ్యలో పెట్టుకుంటుంది.

ఇప్పుడైతే వంతెన ఉంది. కారు అద్దం దించకుండానే గుంటూరు వైపు నుంచి కృష్ణా వైపు వెళ్ళిపోవచ్చు. నా చిన్నప్పుడు పడవే. ఎడ్లనీ బళ్ళనీ దాటించాలంటే బల్లకట్టు. రేవును పాట పాడుకున్నవాడి మనిషి తాటాకు పాక నీడలో కూర్చుని మనిషికింత, గొడ్డుకింత అని వసూలు చేసేవాడు. అవనిగడ్డ నుంచి పెళ్ళివారొస్తే బాజాలు నది మధ్యలో ఉండగానే ఒడ్డుకు వినిపించేవి. నది వెడల్పు ఎంతో నాకు అంకెల్లో ఎప్పుడూ పట్టలేదు. సన్నాయి వినబడ్డాక మనిషి మొహం కనబడేదాకా ఒక జంగిడీ మరమరాలు అయిపోయేవి, అంత.

ఆ రేవు దగ్గర ఇసుకే మా బాకీ.

మా ఊరికీ పొలాలకీ మధ్య ఒక మురుగుకాలవ ఉంది. వానాకాలం నడుంలోతు. కోతలప్పుడు కుప్పలు ఇటు తోలాలంటే ఎడ్లు ఆ బురదలో మోకాళ్ళ మీద పడేవి. దాని మీద కల్వర్టు కావాలని మావాళ్ళు ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నారో తెలీదు. మా పెద్దనాన్న పంచాయతీ మెంబరు. ఆయన చేతిసంచిలో ఎప్పుడూ ఒక అర్జీ నకలు ఉండేది, చెమటకు మెత్తబడిపోయి.

అప్పటికి సమితులొచ్చి అయిదేళ్ళు. ఇప్పటి పిల్లలకు సమితి అంటే ఏమిటో చెప్పాలి. దేశంలో 1952 అక్టోబరు 2న, గాంధీగారి పుట్టినరోజున, 55 చోట్ల సమాజ వికాస పథకాలని మొదలుపెట్టారు. నెహ్రూగారి ముచ్చట అది. అమెరికా వాళ్ళ డబ్బు కూడా అందులో కొంత ఉంది, ఊరూరా తిరిగే గ్రామసేవకులకు శిక్షణ ఇవ్వడానికి ఫోర్డ్ ఫౌండేషన్ వాళ్ళు సాయం చేశారు. అంతకు ముందే 1946లో, మనం మద్రాసులో ఉన్నప్పుడు, ప్రకాశం పంతులుగారి హయాంలో ఫిర్కా అభివృద్ధి అని ఒకటి పెట్టారు. ఆ మాట మా తాతయ్య నోట విన్నాను. ఆయన లెక్కలో ఫిర్కా, బ్లాకు, సమితి అన్నీ ఒకటే, ఖాకీ సంచి వేసుకుని సైకిలు మీద ఒకాయన వచ్చి మజ్జిగ తాగి వెళ్ళడం. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ, ఈ పథకాలన్నీ జనం చేతికి రాలేదు, ఎన్నికైన సంఘాలకు అప్పగించండి అంది. దాంతో 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులూ జిల్లా పరిషత్తులూ వచ్చాయి. సమితికి ప్రెసిడెంటు, ఆయన పక్కన బ్లాకు అభివృద్ధి అధికారి, అంటే బి.డి.ఓ., ఆయనకో జీపు. ఆ జీపు మా ఊరి పొలిమేరలో దుమ్ము రేపితే బడి దానంతటదే వదిలేసినట్టు లెక్క.

సమితి డబ్బిచ్చేది. కానీ ఊరికే ఇచ్చేది కాదు. పనికి ఎంత అవుతుందో ఓవర్సీయరు అంచనా వేసేవాడు, అందులో ఊరు సగం పెట్టుకోవాలి, అప్పుడు సమితి సగం. పని తరహాను బట్టి వాటాలు మారేవి గానీ మాకు పడ్డది సగం. దాన్ని మ్యాచింగ్ గ్రాంటు అనేవారు. మా ఊళ్ళో ఆ మాటకు నోరు తిరగలేదు. 'సగాల గాంటు' అన్నారు, అదే నిలబడింది. మా నాయనమ్మ అయితే ఇంకా కురచ చేసి, ఏ పనయినా సాగదీస్తుంటే "ఏరా, సగాల పనా ఇది?" అనేది.

సగం అంటే డబ్బే కానక్కరలేదు. ఇసుకా, ఇటుకా, బండి తోలకం, చేతి కష్టం, అన్నీ రూపాయిల్లోకి మార్చి రాసుకునేవారు. సిమెంటు మాత్రం సమితి ఇవ్వాల్సిందే, అప్పట్లో అది పర్మిట్టు సరుకు. కల్వర్టు సంగతి తేల్చడానికి రావిచెట్టు అరుగు మీద కూర్చున్న రాత్రి నాకు గుర్తుంది. తొమ్మిదేళ్ళవాణ్ణి. పెట్రోమాక్స్ లైటు చుట్టూ పురుగులు. గ్రామసేవక్ గారు ఒళ్ళో పలక మీద కాయితం పెట్టుకుని అంచనా చదువుతుంటే మధ్యలో ఎవరో, "ఆ తూము అంత ఎడల్పు ఎందుకండీ, మా దొడ్డోకిలే అంత లేదు" అన్నారు. నవ్వులు. తర్వాత గంటసేపు గొడవ. ఎవరెంత పెట్టాలి అన్నది గొడవ. చివరికి మా పెద్దనాన్నే తెగ్గొట్టాడు: కాలవ అవతల పొలం ఉన్నవాళ్ళు ఎకరానికో బండి ఇసుక పెనుమూడి నుంచి తోలాలి. ఇటుక పంచాయతీ ప్రెసిడెంటుగారిది. చేతి కష్టం పల్లెవాళ్ళది, అంటే గూడెంలో వాళ్ళది.

మాది ఆరెకరాలు. ఆరు బళ్ళు.

మా నాన్న నన్ను తీసుకెళ్ళింది మొదటి బండికి. తెల్లవారుజామున బయల్దేరి, కరకట్ట మీద చల్లగాలిలో, ఎడ్ల మెడల గంటలు వింటూ నేను నిద్రపోయాను. లేచేసరికి రేవు. ఇసుక ఎక్కడ తవ్వాలో చూపించడానికి తాపీమేస్త్రి కూడా వచ్చాడు. రేవు దగ్గర కనబడిందల్లా ఇసుకే కదా, ఈయనెందుకు అనుకున్నాను. ఆయన వంగి గుప్పెడు తీసి, రెండు అరచేతుల మధ్యా పెట్టి నలిపి, పారేసి, చేతులు నాన్నకు చూపించాడు. అరచేతి గీతల్లో బూడిదరంగు మట్టి. "ఒండ్రుంది. పనికిరాదు." ఇంకో చోట తీశాడు. ఈసారి చేతులు తేటగానే ఉన్నాయి. కానీ ఆయన నాలుగు రేణువులు నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, పక్కకు ఉమ్మేశాడు. "ఉప్పు."

సముద్రపు పోటు అక్కడిదాకా తగులుతుంది. ఎండాకాలం పైనుంచి నీళ్ళు రానప్పుడు ఏట్లో నీరు ఉప్పనయిపోతుంది. ఆ ఇసుకతో కడితే గోడ ఏడాదికల్లా తెల్లగా పొంగి పెచ్చులూడుతుంది. మేస్త్రి అలా రుచి చూసుకుంటూ ఎగువకు నడిచాడు, వెనక నాన్న, వెనక బండి, బండి వెనక నేను. ఆరో ఏడో చోటనుకుంటా, నాలిక మీద వేసుకుని ఈసారి ఉమ్మలేదు. "ఇక్కడ తవ్వుకోండి" అన్నాడు. నేనూ రెండు రేణువులు నోట్లో వేసుకున్నాను. నాకేం తెలియలేదు గానీ, తలమాత్రం ఊపాను.

అయిదు బళ్ళు సజావుగా వచ్చాయి. ఆరో బండికి కరకట్ట మలుపులో ఇరుసు విరిగింది. ఎద్దు కాలు మెలిపడింది. ఇసుక కట్ట మీదే ఒలికిపోయింది, ఆ సాయంత్రం పిల్లలందరం అందులో గూళ్ళు కట్టుకున్నాం. ఎద్దు లేచేసరికి ఆరుద్ర కార్తె వచ్చేసింది, కాలవలకు నీళ్ళొదిలారు, నాన్న నారుమళ్ళలో పడ్డాడు. కల్వర్టు ఉన్న ఇసుకతోనే అయిపోయింది. చందా పుస్తకంలో మా పేరుకు ఎదురుగా గ్రామసేవక్ గారు రాశారు: బళ్ళు 6. ముట్టినవి 5. బాకీ 1.

ఆ బాకీ మా ఇంటిపేరు అయి కూర్చుంది. నాన్న పంచాయతీ మీటింగులో వీధిదీపాల గురించి గట్టిగా మాట్లాడితే, ఎవరో ఒకరు వెనక నుంచి, "ముందు ఆ బండి ఇసుక తోలవయ్యా" అనేవాళ్ళు. ఆయన నవ్వి కూర్చునేవాడు. బాకీ లేనివాళ్ళు నిలబడి అరిచేవాళ్ళు. కల్వర్టు రెక్కగోడకు బీట పడ్డప్పుడు మా ఎదురింటాయన మేస్త్రిని పిలిపించి, ఇటుక మీద ఇటుక తట్టి చూపించి పని చేయించాడు. ఆయనేం మెంబరు కాదు. నాలుగు బళ్ళు తోలినవాడు. అంతే ఆయన అధికారం.

సగాల మీద వచ్చినవి ఇంకా కొన్ని ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు గోడకు చెక్కపెట్టెలో రేడియో. పెట్టెకు తాళం, తాళంచెవి తోటీ దగ్గర. పొద్దుగూకగానే విజయవాడ కేంద్రం నుంచి వ్యవసాయదారుల కార్యక్రమం పెడితే అరుగు నిండేది. పద్యనాటకాలు వచ్చే రోజు ఇంకా ఎక్కువ నిండేది, పెట్టెకు తాళం వేసే టైము దాటినా తోటీని లేవనిచ్చేవారు కాదు. మహిళా మండలికి ఒక కుట్టుమిషను. యువజన సంఘానికి ఒక వాలీబాలు, ఒక నెట్టు. నెట్టు మొదటి వానకే చివికింది. బాలవాడీ ఒకటి నడిచింది కొన్నాళ్ళు. లైబ్రరీ మాత్రం మా చిన్న ఊరికి రాలేదు, ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు కట్టేవాళ్ళం గానీ పుస్తకాలు రేపల్లెలోనే ఉండేవి. ఎనిమిదో తరగతిలో నేను అక్కడికి నడిచివెళ్ళి అడిగాను, "మా సెస్సు పుస్తకాలు ఏవండీ?" అని. లైబ్రరీ ఆయన చాలాసేపు నవ్వి ఒక డిటెక్టివ్ నవల ఇచ్చాడు.

ఇప్పటిదాకా రాసింది చదివితే ఎంత ముచ్చటైన కాలమో అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. పెద్దనాన్న పోయాక అటక మీది సామాను దింపుతుంటే చందా పుస్తకం దొరికింది. ఎర్ర బైండు, చెదలు ఒక మూల తిన్నాయి, మిగతా అక్షరం చెక్కుచెదరలేదు. మా బాకీ చూసుకుని నవ్వుకుని, ఊరికే ఆఖరు పేజీ దాకా తిప్పాను. అక్కడ ఒక్క పద్దు ఉంది.

పల్లె. ఆళ్ళు 22. రోజులు 3. రోజుకి రూ. 1.50 చొప్పున రూ. 99.00.

ఆ పేజీ దగ్గర కూర్చుండిపోయాను. మా ఇసుక బండికి కట్టిన ఖరీదు 3 రూపాయలు. అయిదు బళ్ళకు మేమిచ్చింది 15. ఆరెకరాల ఆసామి ఇల్లు పదిహేను రూపాయలు పెట్టి పేరు రాయించుకుంది, ఒక బండి ఎగ్గొట్టి అరవై ఏళ్ళు జోకు సంపాదించింది. సెంటు భూమి లేని ఇరవై ఇద్దరు మనిషికి నాలుగున్నర రూపాయలు, అంటే మూడు రోజుల కూలీ పెట్టారు. అది వాళ్ళ మూడు రోజుల బువ్వ. కాలవ అవతల వాళ్ళకు పొలం లేదు. కల్వర్టు మీదుగా వాళ్ళు దాటింది మా పొలాల్లో పనికే. వాళ్ళ గూడేనికి రోడ్డు సగాల గాంటులో ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే వాళ్ళ సగం పెట్టేవాళ్ళెవరు? ఎవరి ఊరు వాళ్ళు బాగు చేసుకోండి అన్నది గొప్ప మాటే, కాకపోతే ఊరు అన్నప్పుడు అరుగు మీద కూర్చున్నవాళ్ళదాకానే లెక్కపెట్టేవాళ్ళం. పుస్తకంలో మా ఎడ్లబండికి పేరుంది. వాళ్ళకు అంకె.

శ్రమదానం అన్న మాట నాకు అప్పట్నుంచి నోట్లో ఇసుకే. దానం చేసేవాడికి కాదనే వీలుండాలి కదా. మునసబు గారు కబురు పెడితే కాదనే ధైర్యం 1964లో పల్లెలో ఎవరికుంది?

సగాల లెక్క మా వైపు తెగిపోయింది ఎక్కడంటే, నేను చెప్పేది 1977 నవంబరు 19. ఇది నా ఊహ, పెద్దలు వేరేగా చెప్పొచ్చు. ఆ శనివారం ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయింది. సర్కారు లెక్కే పదివేలమంది. మా ఒడ్డున సముద్రం అంత లోపలికి రాలేదు గానీ గాలికి తాటాకు ఇల్లన్నది మిగల్లేదు, గొడ్డూ గోదా పోయింది. పెనుమూడి రేవులోకి ఏమేం కొట్టుకొచ్చాయో చూసినవాళ్ళు తర్వాత ఆ నీళ్ళలో చాన్నాళ్ళు దిగలేదు. నేను అప్పుడు బాపట్లలో ఉద్యోగంలో ఉన్నాను, నాలుగో రోజుకు గానీ ఇంటికి చేరలేకపోయాను.

ఆ తర్వాత డబ్బు వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టారు. పత్రికలు చందాలు పోగు చేశాయి, పాలకాయతిప్పలో ఈనాడు పాఠకుల డబ్బుతో రామకృష్ణ మిషన్ వాళ్ళు కట్టిన ఇళ్ళు ఆ రోజుల్లో అందరూ చెప్పుకున్నారు. చర్చి సంఘాలు తుఫాను షెల్టర్లు కట్టాయి, గుండ్రంగా, స్తంభాల మీద లేపి. అల్యూమినియం గిన్నెలు, దుప్పట్లు, పాలపొడి, ఎర్ర గోధుమనూక. ఇంటి పైకప్పు ఎగిరిపోయినవాణ్ణి నీ సగం ఏదని ఎవరడుగుతారు? అడగకూడదు కూడా. పల్లెలో వాళ్ళకు మొదటిసారి తమ పేరు మీద పక్కా ఇల్లు పడింది, అది గాలివాన పెట్టిన భిక్ష అనాలో ఏమనాలో తెలీదు. మొదటిసారి ఊళ్ళోకి మొత్తం డబ్బు వచ్చింది, సగం కాదు. జనం క్యూలో నిలబడ్డం నేర్చుకున్నారు. మీటింగులో నిలబడ్డం మెల్లిగా మానేశారు.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను, అది మీకందరికీ తెలిసిందే. 1984లో మునసబులూ కరణాలూ పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, వెనకే సమితులూ పోయాయి. జీపు అలాగే ఉంది, బోర్డు మారింది. 1989 నుంచి జవహర్ రోజ్‌గార్ యోజన డబ్బు పంచాయతీకి నేరుగా రావడం మొదలైంది, కూలీ ఇచ్చి పని చేయించడం. కనీసం పల్లెవాళ్ళ చేతికి కూలీ వచ్చింది, ఆ సంగతి మర్చిపోకూడదు. 1993 ఆఖర్లో ఎంపీలకు వాళ్ళ నియోజకవర్గంలో పనులకని నిధులు మంజూరు చేశారు. బస్సు షెల్టరు మీద వాళ్ళ పేరు, షెల్టరు కంటే పెద్దగా.

1997 జనవరి 1న జన్మభూమి కార్యక్రమం వచ్చింది. అందులో ప్రజల వాటా అన్నారు. సగాల గాంటు మళ్ళీ పుట్టిందని మా నాన్న, డెబ్బై దాటినవాడు, కండువా వేసుకుని మీటింగుకు వెళ్ళాడు. రెండు గంటలు కూర్చుని తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, "వాటా కంట్రాక్టరే కట్టేత్తాడంటరా" అన్నాడు. అర్థం కాలేదు నాకు. అర్థమయ్యాక నవ్వూ రాలేదు. ఊరి వాటా సొమ్ము కంట్రాక్టరు చలానాలో కట్టేసి, ఆ మేరకు పనిలో కోసుకునేవాడు. సిమెంటు రోడ్డు మందం తగ్గేది. కాయితం మీద ప్రజలు వాటా ఇచ్చారు, నిజంగానే ఇచ్చారనుకోండి ఒక లెక్కన, రోడ్డు మూడో ఏడుకే గుంటలు పడి. నాన్న ఆ రోడ్డు మీద నడిచిన ప్రతిసారీ కర్రతో ఒక పోటు పొడిచి శబ్దం వినేవాడు.

నిజమైన వాటా ఆ రోజుల్లో ఇంకో చోట బతికింది. ఆడవాళ్ళ దగ్గర. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు సంఘాలు పెరిగాయి, రోజుకో రూపాయి లెక్కన. మా వదిన సంఘం లీడరు. పదిహేను మంది నెలనెలా దాచినదాన్ని బట్టి డ్వాక్రా కింద సర్కారు రివాల్వింగ్ ఫండు ఇచ్చేది. వాళ్ళ పుస్తకం చూడాలి మీరు. పెన్సిలు గీతలు, రబ్బరు మరకలు, ఎవరి రూపాయి ఏ రోజు ముట్టలేదో ఎర్ర సిరాతో. మగవాళ్ళు రావిచెట్టు కింద వదిలేసిన పుస్తకం వీళ్ళ వంటింట్లో దొరికినట్టు అనిపించింది. ఒకావిడ మూడు నెలలు కట్టకపోతే మా వదిన వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడకుండా గడప మీద కూర్చునేది. అప్పు వసూలు చేయడానికి అంతకంటే భయంకరమైన పద్ధతి నేనెక్కడా చూళ్ళేదు.

73వ రాజ్యాంగ సవరణ వచ్చాక పంచాయతీల డబ్బు గురించి ఢిల్లీలో మాట్లాడ్డం మొదలుపెట్టారు. పదో ఆర్థిక సంఘం 1971 జనాభా లెక్కన మనిషికి వంద రూపాయలంది. పధ్నాలుగో సంఘం 2015 నుంచి అయిదేళ్ళకు దేశంలో గ్రామ పంచాయతీలకు రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా కేటాయించింది. పదిహేనోది వచ్చి అందులో అరవై శాతం మంచినీళ్ళకూ పారిశుద్ధ్యానికీ కట్టిపడేసింది. ఇప్పుడు మా పంచాయతీ సెక్రటరీ నోట ఈ రెండు మాటలే, టైడు, అన్‌టైడు. 2021లో అయితే ఆ డబ్బు ఖాతాలో పడ్డట్టే పడి కరెంటు బకాయిల కింద జమైపోయిందని రాష్ట్రమంతా సర్పంచులు లబోదిబోమన్నారు. మా నాయనమ్మ ఉంటే ఏమనేదో. వచ్చినప్పుడూ ఊరికి తెలీదు, పోయినప్పుడూ తెలీదు. ఫోనులో టింగుమంటుంది.

అలాగని పాతదానికి వెనక్కి వెళ్దామని నేననను. ఇప్పుడు మా ఊళ్ళో ట్యాంకు ఉంది, వేసవిలో ఆడపిల్లలు చెరువుకు బిందెలతో నడవడం లేదు. గూడేనికి సిమెంటు రోడ్డుంది, ఏ సగం అడగకుండా వచ్చిందది. మా సగాలతో అయ్యుంటే ఇప్పటికీ బురదే.

పెనుమూడికి ఇప్పుడు స్నానాల రేవని పేరు. 2016 పుష్కరాలకు మెట్లు కట్టారు, అక్కడ నిలబడితే పైన వంతెన మీద లారీలు మోగుతుంటాయి. తాటాకు పాకలు లేవు. బల్లకట్టు ఎక్కడికి పోయిందో, ఏ వంటచెరకు అయిందో. ఒకప్పుడు నాన్న అడక్కుండా తవ్వుకున్న ఇసుకకు తర్వాత్తర్వాత పర్మిట్టు, వేబిల్లు వచ్చాయి, దానికోసం ప్రభుత్వాలు మారేంత రాజకీయం. మెట్ల పక్కన దిగి గుప్పెడు తీసి చూశాను నేనొకసారి. నలిపాను. అరచేతి గీతల్లో బూడిదరంగు మట్టి. నోట్లో వేసుకోలేదు, మా అబ్బాయి చూస్తున్నాడు.

రెండేళ్ళ క్రితం కల్వర్టు తీసేశారు. రోడ్డు వెడల్పు చేసి గొట్టాలు వేశారు. ప్రొక్లెయినరు పని, ఒక పూట. నేను ఊళ్ళోనే ఉన్నాను, చూడ్డానికి వెళ్ళాను. ఇటుకలు విడిగా రాలేదు, గడ్డలు గడ్డలుగా ఊడొచ్చాయి, డ్రైవరు రెండుసార్లు బండి దిగి తిట్టుకున్నాడు. ఎక్కడా తెల్లటి పొంగు లేదు.

చూస్తున్నవాళ్ళలో పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కల్వర్టు పునాదులు తవ్వినప్పుడు ఆయనకు ఇరవై ఉంటాయేమో. చిన్నప్పుడు నేను ఆయన్ని నువ్వనేవాణ్ణి, పదేళ్ళ పిల్లవాణ్ణి, ఆయన నన్ను మీరనేవాడు. ఇప్పుడు నేను మీరంటాను, ఆయన మాత్రం మానలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. చందా పుస్తకం సంగతి చెప్పాను. అందులో ఇరవై ఇద్దరని ఉంది, పేర్లు లేవు, మీకు గుర్తుంటే చెప్పండి రాసుకుంటాను అన్నాను. జేబులో కలం ఉంది, కాయితం లేదు, మందుల చీటీ వెనక రాయడానికి తీశాను.

ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ముందు తన అన్నదమ్ములు, తర్వాత మామ, తర్వాత రేవులో పడవ నడిపిన ఒకతను, ఉప్పెన తర్వాత ఊరొదిలి వెళ్ళిపోయిన ఇద్దరు. ఒక్కో పేరుకూ ఆగి, ఆ మనిషి కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, పార ఎవరిది, ఎవరి ఇంటి నుంచి అంబలి వచ్చేది, అవన్నీ చెప్పి గానీ వేలు మడిచేవాడు కాదు. పంతొమ్మిది దాకా వచ్చాయి. అక్కడ ఆగిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు, మేస్త్రి ఇసుక నాలిక మీద వేసుకుని మూసుకున్నట్టే. ప్రొక్లెయినరు వెనక్కి తిరిగి వెళ్ళిపోతోంది. ముగ్గురు రాలేదు.

"రేపు చెబుతాన్లెండి, రాత్రికి అదే గుర్తొత్తది" అని కర్ర ఊతంగా లేచాడు. నాలుగడుగులు వేసి, తిరిగి, బోసినోటితో నవ్వాడు.

"మీదొక బండి రావాలి కదా బాబూ."